నీఇష్టంగారితో ఒక నెల

జూన్ 3, మంగళవారం

స్కాన్‌లో తేలింది. బిడ్డ తల పైనుంది, పిరుదులు కిందున్నాయి. ముప్పై అయిదో వారం. డాక్టరమ్మ పొట్ట మీద జెల్ తుడుస్తూ "కూర్చుంది" అంది, బస్సులో సీటు దొరికినవాళ్ళ గురించి చెప్పినంత తేలిగ్గా. ఇంకా టైముందట, తనంతట తనే తిరగొచ్చట. తిరక్కపోతే మూడు దారులు. పొట్ట మీద చేతులతో నొక్కి బిడ్డని తిప్పి చూడటం ఒకటి. తేదీ పెట్టుకుని ఆపరేషన్ రెండోది. నొప్పులొచ్చేదాకా ఆగి, అలా కూర్చున్న బిడ్డని అలాగే కనడం మూడోది. మూడోది అందరికీ కుదరదు, మీకు కుదిరేలా ఉంది, చేయించగలవాళ్ళం ఇక్కడ ఇద్దరం ఉన్నాం అంది. ప్రతిదానికీ ఒక మంచీ ఒక రిస్కూ చెప్పింది. ఇద్దరూ ఆలోచించుకుని రండి అంది.

ఇద్దరూ!

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. ఏ లిఫ్ట్ ఎక్కినా గోడకి చెవి ఆనించి వింటాడు. ఆసుపత్రి లిఫ్ట్‌లో అలా వింటున్నప్పుడు అడిగాను, నీకేమనిపిస్తోంది అని. "నీ ఇష్టం" అన్నాడు. ఒక అంతస్తు దిగాక, తలుపు రోలర్ అరిగిపోయింది, వీళ్ళు మార్చకపోతే నెలలో ఇరుక్కుంటుంది అన్నాడు.

రోలర్ మీద ఉంది అభిప్రాయం.

జూన్ 4, బుధవారం

ఇల్లు అద్దెకి చూసినప్పుడు నీ ఇష్టం. కర్టెన్లు నీ ఇష్టం. ఇప్పుడే పిల్లలా, రెండేళ్ళు ఆగుదామా అంటే, అదీ నీ ఇష్టమే. పెళ్ళికి ముందు ఈ మాటకే పడిపోయాను. కూర్చోమంటే కూర్చోవాలి, లేవమంటే లేవాలి అనే మగాళ్ళ మధ్య పెరిగినదాన్ని, నీ ఇష్టం అన్నవాడు దేవుడిలా కనిపించాడు. దేవుడేనని ఇప్పుడు తెలుస్తోంది. ఏం అడిగినా పలకడు.

నిర్ణయం నాదంటే, రేపు ఏదైనా అయితే తప్పూ నాదే. ఇది మర్యాదా? మూట నా నెత్తిన పెట్టి తను చేతులూపుకుంటూ నడవడమా?

ఇక మీదట ఈ డైరీలో ఆయన పేరు నీఇష్టంగారు.

జూన్ 6, శుక్రవారం

అమ్మ దిగింది. ముప్పై ఏళ్ళు టైపింగ్ నేర్పి రిటైరైంది. ఇప్పటికీ కామాలూ ఫుల్‌స్టాప్‌లతో మాట్లాడుతుంది. చెప్పులు విప్పుతూనే తీర్పిచ్చింది: ఆపరేషన్. కాఫీ తాగాక మార్చింది: ఆపరేషన్ వద్దు, నువ్వు గట్టిదానివి, కనగలవు. స్నానం చేసొచ్చాక: అసలు తిప్పిస్తే గొడవే ఉండదు కదా. మూడు దారుల్లోనూ గంటలో నడిచొచ్చింది, ప్రతి దారిలోనూ అదొక్కటే దారన్నట్టు.

ఒకరికి పూటకో ఇష్టం. ఇంకొకరికి అసలు లేదు. మధ్యలో నేను, నా లోపల కుర్చీ వేసుకుని కూర్చున్న ఇంకొకరు. లేవమంటే లేవడం లేదు కాబట్టి వాళ్ళకీ పేరు పెట్టాను. మేనేజరు.

జూన్ 8, ఆదివారం, ఉదయం 11

అమ్మ ఎక్కడో చదివిందట. పొట్ట కింది భాగంలో లైటు వేస్తే బిడ్డ వెలుగు వైపు తల తిప్పుతుందట. తల కిందికీ నడుం పైకీ పెట్టి పడుకోవాలట. సోఫా దిండ్లన్నీ నా నడుం కింద తోసింది. నీఇష్టంగారు లిఫ్ట్ గుంతలో దిగేటప్పుడు పెట్టుకునే తలలైటు పెట్టుకుని నా పొట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పావుగంట. కదల్లేదు, నవ్వలేదు. ఏదో రిపేరుకి ఎస్టిమేట్ వేస్తున్నవాడిలా చూశాడు.

నువ్వు దీన్ని నమ్ముతున్నావా అని తలకిందుల నుంచే అడిగాను.

నువ్వు నమ్ముతున్నావా అన్నాడు.

దిండు విసిరాను. తలలైటు ఊడి కిందపడి అద్దం పగిలింది.

జూన్ 9, సోమవారం

మేనేజరుగారు సీటు వదల్లేదు. పైగా ఎక్కిళ్ళు.

జూన్ 12, గురువారం

ఇంకా కూర్చునే ఉంది. ఆసుపత్రిలో ఇద్దరికీ చెరో ఫారం ఇచ్చారు. పక్కవాళ్ళని అడక్కుండా, చూడకుండా నింపాలట. మీకు ఏది ముఖ్యం, ఏది ఎంచుకుంటారు, ఎందుకు. నాకు మధ్య కుర్చీ ఇచ్చి ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, పరీక్షలో కాపీ కొట్టేవాళ్ళని విడదీసినట్టు.

నా ఉద్యోగమే ఫారాలు రాయడం. సబ్బుల మీద, సిటీ బస్సుల మీద, షాపుల్లో ట్రయల్ రూముల మీద జనాల్ని ప్రశ్నలడిగే కంపెనీలో మూడేళ్ళుగా ఉన్నాను. ఇలాంటి ఫారం నా జూనియర్ తెస్తే మొహాన కొడతాను. ప్రశ్నకి నాలుగు గడులిచ్చి నాలుగోది "ఇంకా నిర్ణయించుకోలేదు" అని పెట్టారు. ఆ గడి పెట్టావంటే సగం మంది అందులోకే దూరతారు. ఆ మాట నేను ట్రైనింగ్‌లో ఎంతమందికి చెప్పి ఉంటానో.

ముందు తిప్పి చూడండి అని టిక్ చేశాను. తిరక్కపోతే? పెన్ను పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను. తర్వాత నేను కూడా ఆ నాలుగో గడిలోకి దూరాను.

నర్సు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. నీఇష్టంగారు ఒక్క గడీ ముట్టుకోలేదు. కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకి పెద్ద అక్షరాలతో "ఆమె ఎలా అంటే అలా" అని రాసి, కింద సంతకం, సంతకం కింద తేదీ. సర్వీస్ రిపోర్టులా. నర్సు మురిసిపోయింది. "ఎంత అదృష్టవంతులండీ, ఇలాంటి భర్త ఎంతమందికి దొరుకుతారు" అంది.

కావాలంటే తీసుకెళ్ళమందామనుకున్నాను.

జూన్ 13, శుక్రవారం

పోట్లాట. పోట్లాట అనడానికి ఇద్దరుండాలి. నేనొక్కదాన్నే అరిచాను. నీకు భయం లేదా అన్నాను. ఉంది అన్నాడు. మరి దేనికి భయమో చెప్పవేం అన్నాను. చెప్తే నువ్వు నా భయం చూసి నిర్ణయిస్తావు, పొట్ట నీది, కోత నీది, నొప్పి నీది, బయట నిలబడేవాడు లోపలి సంగతి చెప్పకూడదు అన్నాడు. ఈ నెలలో ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం ఇదే. నాకు ఇంకా ఒళ్ళు మండింది. బిడ్డ కూడా నా ఒక్కదానిదేనా అన్నాను.

లేచెళ్ళి తలలైటుకి కొత్త అద్దం బిగించాడు.

అమ్మ వంటింట్లోంచి అల్లుడి పక్షం మాట్లాడింది. మరునిమిషం నా పక్షం.

జూన్ 16, సోమవారం

ఇవాళ్టి నుంచి నాకు సెలవు. ఆయన ఫోన్ ఇంట్లో మర్చిపోయాడు. ఆసుపత్రి వాళ్ళు అదే నంబరుకి చేసి, తిప్పి చూడటానికి శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ ఉంది, ఇద్దరూ సరేనంటే పన్నెండు లోపల చెప్పండి అన్నారు. నేనొక్కదాన్ని సరేనంటే చాలదా అంటే రూల్ అన్నారు. ఆయన పనిచేసే సైటు రెండు స్టాపుల దూరం. వెళ్ళాను.

ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగ్. లిఫ్ట్ తలుపు తెరిచి, అడ్డంగా పసుపు పట్టీ కట్టి ఉంది. పట్టీ అవతల చీకటి గుంత. పైనెక్కడి నుంచో ఒక ముసలి గొంతు, "కిందికి" అంది. ఇంకా పైనుంచి ఇంకో గొంతు "కిందికి" అంది. గట్టిగా, స్పష్టంగా, నీళ్ళు నమలకుండా. తర్వాతే లిఫ్ట్ కదిలింది. "ఆపు." ఆగింది. "పైకి." "పైకి."

ఆ రెండో గొంతు మా ఆయనదని గుర్తుపట్టడానికి నాకు అరనిమిషం పట్టింది. మూడేళ్ళలో ఆ గొంతు ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

కాసేపటికి ముసలి గొంతు మనిషి గ్రీజు చేతులు తుడుచుకుంటూ దిగొచ్చాడు. అందరూ పెద్దన్న అంటారు, మా ఆయనకి పని నేర్పినవాడు. నా పొట్ట చూసి స్టూలు తెచ్చి వేశాడు. మీవాడు పై అంతస్తులో బటన్ల ప్యానెల్ దగ్గరున్నాడు, కబురంపా, వస్తాడు కూర్చో తల్లీ అన్నాడు.

మీ పనిలో కూడా ఇంతేనా, మీరేమంటే ఆయన అదే అంటాడా అని వెటకారంగా అడిగాను. పెద్దన్నకి వెటకారం అందలేదు. అంతే కదా అన్నాడు. లిఫ్ట్ పెట్టె మీద నిలబడి పని చేసేవాడికే ప్రాణగండం, కాబట్టి పైకో కిందికో వాడే చెప్పాలి. ప్యానెల్ దగ్గరున్నవాడికి లోపల ఏముందో కనిపించదు. వాడు విన్న మాట మళ్ళీ పలకాలి, పలికాకే బటన్ నొక్కాలి.

"సొంత తెలివి వాడాడా, లోపలోడు పోయినట్టే" అంటూ ఎడమచెయ్యి చూపించాడు. చిటికెనవేలు లేదు, పక్కవేలు సగమే ఉంది. "ఇది మీ ఆయన తెలివే. చేరిన కొత్తల్లో. నేను చెయ్యి తీసేశాననుకున్నాడు. అనుకుని నొక్కాడు."

అంటూ నవ్వాడు. ఉంగరం ఖర్చు మిగిలిందిలే అన్నాడు. ఆ రోజు నుంచి వాడు ఎవరి తరఫునా ఏదీ అనుకోడు తల్లీ, టీ కావాలా అన్నా నీ ఇష్టం అంటాడు అన్నాడు. మరి ప్యానెల్ దగ్గరవాడికి నోరే ఉండదా అన్నాను. ఒక్క మాటకి ఉంటుందట. ఆపు. అది ఎవరైనా అనొచ్చు. లోపలివాడు, బయటివాడు, ఊడ్చే ఆమె అయినా సరే. దానికి మళ్ళీ పలకడాలుండవు. ముందు ఆపాలి, కారణం తర్వాత అడగాలి.

మా ఆయన దిగొచ్చాడు. ఫోన్ ఇచ్చి శుక్రవారం సంగతి చెప్పాను.

"శుక్రవారం" అన్నాడు, నా మొహంలోకి చూసి. ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

జూన్ 17, మంగళవారం

అర్థమైంది. పూర్తిగా అర్థమైంది. అర్థమైతే కోపం పోవాలని ఎక్కడైనా రాసుందా? నేను లిఫ్ట్ పెట్టె మీద నిలబడ్డ పెద్దన్నని కాను. పైకో కిందికో నాకూ తెలియదు. లోపలున్నాను కాబట్టి అన్నీ కనిపిస్తాయని ఎవరన్నారు? నాకూ చీకటే.

ఆ వేళ్ళ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగలేదు. నువ్వు అడగలేదు అంటాడు.

జూన్ 20, శుక్రవారం, సాయంత్రం 5

తిరగలేదు.

గర్భసంచి వదులవడానికి సూది వేశారు. పొట్టకి పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్ పెట్టారు. డాక్టరమ్మ రెండు చేతులూ పొట్ట మీద వేసి, ఒకటి తల దగ్గర, ఒకటి పిరుదుల దగ్గర, నొక్కుతూ తిప్పింది. చపాతీ పిండిలా అనుకున్నాను మొదటి రెండు సెకన్లు. తర్వాత ఏమీ అనుకోలేదు. నొప్పి కాదు, నొప్పికన్నా పెద్దది, ఇంట్లో బీరువా జరుపుతున్నట్టుంది, ఇల్లు నేను. మేనేజరు సగం తిరిగి మళ్ళీ కుర్చీలో పడ్డాడు. మళ్ళీ ట్రై చేద్దామా అంది డాక్టరమ్మ. చేయండి అన్నాను. ఆయన నా తల దగ్గర నిలబడి ఉన్నాడు.

రెండోసారి. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇంకా, ఇంకా అనుకుంటున్నాను. తిరుగుతోంది, నాకు తెలుస్తోంది, పక్కలోకి వచ్చేసింది. గుండె చప్పుడు టకటకా పరిగెత్తేది నడవడం మొదలుపెట్టింది. నేను పట్టించుకోలేదు. నాకు తిరగడం ఒక్కటే ముఖ్యం.

"ఆపండి."

ఆ గొంతు. లిఫ్ట్ గొంతు.

డాక్టరమ్మ చేతులు తీసేసింది. మేనేజరు జారి మళ్ళీ యథాస్థానం. చప్పుడు నెమ్మదిగా పుంజుకుంది. రెండు నిమిషాల్లో మామూలైంది. అరగంట పడుకోబెట్టి చూశారు. అంతా బాగుంది, నేనూ ఆపేదాన్నే అప్పుడు, ఇలా జరుగుతుంటుంది, భయమేం లేదు, ఇక తిప్పొద్దు అంది డాక్టరమ్మ. వచ్చే గురువారానికి మిగిలిన రెండిట్లో ఏదో చెప్పమంది.

ఆటోలో కూర్చున్నాక అన్నాను. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే తిరిగేది అన్నాను. పదిహేడు రోజులుగా ఒక్క మాట చెప్పవయ్యా అని కాళ్ళావేళ్ళా పడితే చెప్పనివాడివి, చెప్పకచెప్పక ఇప్పుడా చెప్పడం అన్నాను. ఆయన రెండు చేతులతో ముందు కడ్డీ పట్టుకుని వదలడం లేదు. చూశాను. చూసి కూడా అన్నాను.

జూన్ 21, శనివారం

మాటల్లేవు. అమ్మ కూడా మాట్లాడలేదు. ఈ ఇంట్లో ఇదే మొదటిసారి.

జూన్ 23, సోమవారం, మధ్యాహ్నం

ఒక నిజం రాయాలి. ఇది ఎవరూ చదవరు కాబట్టి.

నాకు ఆపరేషన్ కావాలి. మొదటిరోజు నుంచీ అదే కావాలి. ఆగి కందాం అనుకున్నప్పుడల్లా, ఒళ్ళంతా బయటికొచ్చి తల ఒక్కటి లోపల ఆగిపోతే అనే ఊహ వచ్చి చెమటలు పడుతున్నాయి. అది చాలా అరుదని డాక్టరమ్మ లెక్కలు చూపించింది. లెక్కలు చూడటం నా ఉద్యోగం. అయినా చెమటలే. కానీ నాకు నేనుగా ఆపరేషన్ అంటే, కనడానికి భయపడి కోయించుకుంది అంటారని ఒక వెధవ పౌరుషం. ఎవరంటారు? ఎవరో. అందుకని ఆయన చెప్పాలని చూస్తున్నాను. ఆయన "ఆపరేషనే మంచిది" అంటే, నేను కాస్త గొణిగి, సరే నీ ఇష్టం అందామని.

ఆ మాట అనడానికి నేనే తయారుగా ఉన్నాను! ముందు ఆయన అనేశాడని ఇన్నాళ్ళూ మంట.

ఇంకోటి తట్టింది. తప్పు ఆసుపత్రి ఫారానిదే కాదు, నాది కూడా. నీకేం కావాలి అంటే జనం చెప్పలేరు. ఇది మొదటి పాఠం. సబ్బు ఎలా ఉండాలండీ అంటే ఆకాశం వైపు చూస్తారు. ఏ సబ్బు వద్దండీ అంటే అరగంట చెప్తారు. నేను ఇన్నాళ్ళూ ఆయన్ని మొదటి ప్రశ్నే అడుగుతున్నాను.

తెల్ల కాగితం తీసుకుని ఒక్క ప్రశ్న రాశాను. గడుల్లేవు. "ఏది జరిగితే నువ్వు తట్టుకోలేవు?" టిఫిన్ డబ్బాలో పెట్టి పంపిస్తాను రేపు.

జూన్ 24, మంగళవారం, సాయంత్రం 7

డబ్బా ఖాళీగా వచ్చింది. కాగితం లోపల మడత పెట్టి ఉంది. గ్రీజు మరక.

ఇంత బారున రాస్తాడనుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"ఆపరేషనైనా కాన్పైనా ఏదైనా తట్టుకుంటాను. తలుపు వేసేసి నన్ను బయట నిలబెడితే తట్టుకోలేను. పెద్దన్న వేళ్ళు పోయినప్పుడు మధ్యలో తలుపు మూసి ఉంది. ఆయన అరిచాడట, నాకు వినపడలేదు. నీ మాట వినపడేంత దూరంలో ఉండాలి. అంతే." కింద సంతకం, తేదీ.

చాలాసేపు డబ్బా ముందు కూర్చున్నాను. తర్వాత వెళ్ళి, నాకు ఆపరేషన్ కావాలి, నాకు భయం, నువ్వు లోపలే ఉండాలి అని చెప్పాను. ఒక్క ఊపిరిలో.

"ఆపరేషన్" అన్నాడు. "నేను లోపల" అన్నాడు.

విన్నది సరిచూసుకుంటున్నాడని ఇప్పుడు తెలుసు. ఇదివరకైతే వెక్కిరిస్తున్నాడనుకునేదాన్ని.

జూన్ 26, గురువారం

డాక్టరమ్మ ఆపరేషన్‌కి వెంటనే ఒప్పుకుంది, మీలాంటివాళ్ళలో ఎక్కువమంది అదే అడుగుతారు, తప్పేం లేదు అంది. ఆయన లోపల ఉండటానికి మాత్రం నసిగింది. నడుం నుంచి కిందికే మత్తు కాబట్టి ఉండొచ్చు, కానీ మగవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతే మాకు ఇద్దరు పేషెంట్లు అంది. ఆయన ఏడంతస్తుల పైనుంచి గుంతలోకి చూసే మనిషి అన్నాను. మరి మాట్లాడకుండా కూర్చోవాలి అంది. ఆయన మొట్టమొదటిసారి తన ఇష్టం చెప్పాడు. "మాట్లాడతానండీ. మీరు అన్నది ఆమెకి మళ్ళీ చెప్తాను. మెల్లగా."

డాక్టరమ్మ నావైపు చూసింది, ఈయనెప్పుడూ ఇంతేనా అన్నట్టు. అవునండీ, ఇంతే అన్నాను. రోలర్ కూడా మార్పించండి అన్నాను.

అమ్మకి చెప్తే, నేను మొదటిరోజే చెప్పలేదూ, ఆపరేషనని, అంది. ఫుల్‌స్టాప్.

జూలై 3, గురువారం

మెడ దగ్గర ఆకుపచ్చ గుడ్డ. అవతల ఏమీ కనిపించదు. నా చెవి దగ్గర ఆయన.

వాళ్ళు "నడుం" అన్నారు. ఆయన "నడుం" అన్నాడు.

"కుడికాలు." "కుడికాలు."

"ఎడమకాలు." "ఎడమకాలు."

"భుజాలు." "భుజాలు."

ఆయన చెయ్యి నా జుట్టులో ఆగిపోయింది.

"తల." "తల."

తర్వాత ఏడుపు. అది మాత్రం ఆయన మళ్ళీ చెప్పలేకపోయాడు.